చెట్టు కోసం ఆగిపోయిన తాత
'నసీమ్' చిత్రంలో కైఫీ ఆజ్మీ నటన

సినిమా అనే మాట వినగానే మన ఇళ్ళలో పెద్దలు ముఖం చిట్లించడం మామూలే. అందుకు వారికి కారణాలు లేకపోలేదు. తెర మీద ముస్లిం అంటే షేర్వానీ తొడిగిన నవాబు, ముజ్రా, పాన్‌దాన్; అది కాకపోతే చేత పిస్తోలు పట్టిన దుండగుడు. సంసారం ఈదే తండ్రి, వంటింట్లో సతమతమయ్యే తల్లి, బడికి పోయే ఆడపిల్ల, మంచం పట్టిన తాత ఉండే మామూలు ఇల్లు తెర మీద కనిపించడం చాలా అరుదు. అటువంటి ఇంటి కథే 1995లో వచ్చిన 'నసీమ్'. సయీద్ అఖ్తర్ మీర్జా దర్శకత్వంలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ దీన్ని నిర్మించింది. నసీమ్ అంటే పిల్లగాలి, తెల్లవారుజామున వీచే చల్లని గాలి.

కథ జరిగేది బొంబాయిలో. కాలం 1992 జూన్ నుంచి డిసెంబరు 6 వరకు. బయట అయోధ్య గొడవ రోజురోజుకూ ముదురుతూ ఉంటుంది. ఇంట్లో టీవీ వార్తలు ఆ వేడిని లోపలికి మోసుకొస్తాయి. పదిహేనేళ్ళ నసీమ్ మాత్రం బడి నుంచి రాగానే తాత మంచం దగ్గర చేరుతుంది. ఆయన ఆమెకు విభజనకు ముందరి ఆగ్రా ముచ్చట్లు చెబుతాడు. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు ఎలా బతికారో, పండుగలు ఎలా చేసుకున్నారో, ఎలా నవ్వుకున్నారో వింటూ ఆ పిల్ల మురిసిపోతుంది. నసీమ్‌గా మయూరీ కాంగో, తండ్రిగా కుల్‌భూషణ్ ఖర్బందా, తల్లిగా సురేఖా సిక్రీ నటించారు.

తాత పాత్రను ధరించింది వృత్తి నటుడు కాదు, ప్రసిద్ధ ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. 1973లో వచ్చిన పక్షవాతం వల్ల ఎడమ చెయ్యి స్వాధీనంలో లేదు. అందుచేత ఆ మంచం, ఆ నీరసం, మెల్లగా తల తిప్పి చూసే ఆ చూపు తెచ్చిపెట్టుకున్నవి అనిపించవు. ముషాయిరాల్లో సభ దద్దరిల్లేలా చదివిన గొంతు ఇక్కడ ఒక చిన్నపిల్ల చెవికి మాత్రమే వినిపించేంత మెత్తబడింది. ఆయన ఎక్కడా కన్నీరు కార్చి మనల్ని ఏడిపించాలని చూడరు. మనవరాలు నవ్వితే తానూ నవ్వుతారు, అంతే. చూసిన వారికి ఆ నవ్వు మరపునకు రాదు.

కైఫీ ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా మిజ్వాన్ గ్రామంలో పుట్టారు. మౌల్వీ కావాలని పెద్దలు లక్నోలోని సుల్తానుల్ మదారిస్‌కు పంపితే, ఆయన కవిగా, కమ్యూనిస్టుగా బయటికి వచ్చారు. ఆయన భావాలన్నిటితోనూ మనం ఏకీభవించనక్కరలేదు. హైదరాబాదులో పెరిగిన షౌకత్‌ను పెళ్ళాడి, ఒక విధంగా మన హైదరాబాదు అల్లుడు కూడా అయ్యారు. విభజన తర్వాత ఆగ్రా వదలని ఒక ముస్లిం కుటుంబం కథ 'గర్మ్ హవా'. దానికి సంభాషణలు రాసింది ఈయనే. అక్కడ మాటలు అందించిన కవి, రెండు దశాబ్దాల తర్వాత ఇక్కడ తానే ఆగ్రాను తలచుకునే తాత అయ్యారు.

చిత్రంలో ఒక సన్నివేశం ఉంది. మనం పాకిస్తాన్ ఎందుకు వెళ్ళలేదని కొడుకు తండ్రిని నిలదీస్తాడు. ఆ ప్రశ్నలో కోపం ఉంది, భయం ఉంది. తాత రాజకీయాలు మాట్లాడడు, దేశభక్తి ఉపన్యాసం ఇవ్వడు. ఆగ్రాలో మన ఇంటి దగ్గరి చెట్టు గుర్తుందా, అదంటే మీ అమ్మకు ఎంతో ఇష్టం అంటాడు. ఈ నేల మీద మా హక్కు ఏమిటో రుజువు చూపమని అడిగే వారికి ఇంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది? ఇష్టమైన చెట్టును వదిలి ఎవరైనా ఎందుకు వెళ్ళాలి?

మరోవైపు జఫర్ అనే యువకుడు ఉన్నాడు. నసీమ్ అన్న ముష్తాక్‌కు స్నేహితుడు. తర్వాతి కాలంలో పేరు పొందిన కె.కె. మేనన్ ఈ పాత్ర వేశారు. జఫర్‌కు తాత ముచ్చట్లు కాలం చెల్లిన కబుర్లు. అతని గుండెలో మంట ఉంది, దానికి కారణమూ ఉంది. దర్శకుడు అతణ్ణి దుర్మార్గుడిగా చూపలేదు, తాతను అమాయకుడిగానూ చూపలేదు. ఒకరికి గతం తెలుసు, మరొకరికి వర్తమానం మాత్రమే తెలుసు. ఆ ఇద్దరి మధ్య నిలబడి, రెండు మాటలూ వింటూ పెరుగుతున్నది నసీమ్.

1992 డిసెంబరు 6. బాబ్రీ మస్జిద్ కూలిన రోజే ఈ ఇంట్లో తాత కన్నుమూస్తాడు. జనాజా ఏర్పాట్లు ఒకవైపు, ఆ వార్త మరొకవైపు. కట్టడం కూలితే ప్రపంచమంతా చూసింది. అదే పూట ఒక ముసలాయనతో పాటు సమాధి అయిన ఆగ్రాను ఎవరు చూశారు? ఈ చిత్రం మన ముందుంచే ప్రశ్న ఇదే.

'నసీమ్'కు ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ స్క్రీన్‌ప్లే జాతీయ అవార్డులు వచ్చాయి. అయినా జనం నోట నలగలేదు. ఇందులో పోరాటాలు లేవు, డాన్సులు లేవు, పగ తీర్చుకునే హీరో లేడు. దీని తర్వాత మీర్జా చాలా ఏళ్ళపాటు మరో కథాచిత్రం జోలికి పోలేదు. కైఫీ 2002 మే 10న మరణించారు.

తాత పోయినా నసీమ్ మిగిలింది. ఆగ్రా ఇప్పుడు ఆ పిల్ల దగ్గర ఉంది, ఎందుకంటే ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. మన ఇళ్ళలోనూ మూలగదిలో ఎవరో ఒక దాదానో, నానీయో ఉంటారు. వారి దగ్గర గుంటూరో, కర్నూలో, వరంగల్లో, ఏదో ఒక ఊరు ఉంటుంది. ఆ వాకిట్లో ఒక చెట్టు ఉంటుంది. దాని పేరేమిటో, దానికింద ఎవరెవరు కూర్చునేవారో మన పిల్లలు ఇంకా అడిగారా?