ఎనభై పతకాలకు రెండో స్థానం

ఖాజాగూడలో పిల్లలకు లెక్కలు చెబుతాను. సమీకరణాల పాఠం రాగానే బోర్డు మీద ఒక పతకాల పట్టిక వేస్తాను. 2003లో మన హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడలది. చైనాకు 25 స్వర్ణాలు, 11 రజతాలు, 5 కాంస్యాలు. మనకు 19, 32, 29. మొత్తం చూస్తే చైనాకు 41, మనకు 80. మొదటి స్థానం మాత్రం చైనాదే.

ముందు స్వర్ణాలే చూడాలన్నది వాడుకలో ఉన్న పద్ధతి. అవి సమానమైతేనే రజతాలు, అవీ సమానమైతే కాంస్యాలు. ఈ లెక్కలో ఒక్క స్వర్ణం ముందు వంద రజతాలూ తక్కువే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనం ఆరు పతకాలు గెలిచి 71వ స్థానంలో ఉన్నాం. ఒక్క పతకంతో పాకిస్తాన్‌ది 62. అర్షద్ నదీమ్ ఈటెను 92.97 మీటర్లు విసిరి ఒలింపిక్ రికార్డు పెట్టాడు, ఆ స్వర్ణానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ అదే పోటీలో మన నీరజ్ చోప్రా గెలిచిన రజతం, మరో ఐదు కాంస్యాలు కలిసినా దానికి సాటిరావా?

స్వర్ణానికి 4, రజతానికి 2, కాంస్యానికి 1 ఇద్దాం. హైదరాబాద్ పట్టికలో చైనాకు 127, మనకు 169. రజత, కాంస్యాల పాయింట్లు అలాగే ఉంచి స్వర్ణానికి ఎన్ని పాయింట్లిస్తే ఇద్దరూ సమానమవుతారని పిల్లల్ని అడుగుతాను. 25x + 27 = 19x + 93. x విలువ 11! ఒక స్వర్ణం పదకొండు కాంస్యాలను మించితే తప్ప చైనా ముందుకు రాదు. అంత తేడాను నేను ఒప్పుకోను. అయితే ఆతిథ్య దేశంగా మన జట్టు పెద్దది, పతకాల సంఖ్యలో అదీ కలిసొచ్చింది. ఈ మాటా పిల్లలకు చెబుతాను.

మొత్తం పతకాలను జనాభాతో భాగించమంటారు కొందరు. అలా చేస్తే పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచిన గ్రెనడా అందరికన్నా పైకొస్తుంది. కానీ ఒక్కో పోటీకి దేశానికి ఇంతమందే అన్న పరిమితి ఉంది. 140 కోట్లమంది ఉన్నా బ్యాడ్మింటన్ సింగిల్స్‌కు ఇద్దరిని మించి పంపలేం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అవకాశాల్లో తేడా. పారిస్‌లో కొలనులో ఈతకు 35 స్వర్ణాలు, బ్యాడ్మింటన్‌కు ఐదే. మన పక్కన గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీలో ఎదిగిన సింధు సింగిల్స్ ఆడుతుంది, ఒక ఒలింపిక్స్‌లో ఎంత గొప్పగా ఆడినా ఒక్క పతకమే. 2008లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒక్కడే ఎనిమిది స్వర్ణాలు గెలిచాడు. మన హాకీ జట్లు ఎనిమిది స్వర్ణాలు గెలవడానికి 1928 నుంచి 1980 దాకా పట్టింది. పట్టికలో రెండూ ఎనిమిదే.

ఒలింపిక్స్ ఆటగాళ్ల మధ్య పోటీలే తప్ప దేశాల మధ్య కాదని ఒలింపిక్ చార్టర్ చెబుతుంది. అయినా పట్టికలు ఆగవు. పత్రికలవాళ్లకు నా విన్నపం ఒక్కటే: 2028 లాస్ ఏంజెలెస్ పట్టికలో 4-2-1 పాయింట్ల వరుస ఒకటి చేర్చండి.