ఒక్క కూతగాడితో కప్పు రాదు
తెలుగు టైటాన్స్‌కు పల్లె అభిమానుల హితవు

కబడ్డీ పల్లెకు కొత్త కాదు. సంక్రాంతి వచ్చిందంటే కోతలు పూర్తయిన చేలో సున్నంతో గీతలు గీసి, నాలుగు కర్రలు పాతి, చుట్టూ తాడు కట్టి పోటీలు పెట్టని ఊళ్లు తక్కువ. చెడుగుడు అన్నా, కబడ్డీ అన్నా ఆట ఒక్కటే. కానీ, దమ్ము కావాలి.

2014 జూలైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైన నాటి నుంచి ఈ మట్టి ఆట టెలివిజన్‌కెక్కింది. ఆనాడు బరిలో దిగిన ఎనిమిది జట్లలో తెలుగు పేరు పెట్టుకున్నది ఒకటున్నది. అదే తెలుగు టైటాన్స్. 2025తో పన్నెండు సీజన్లు గడిచాయి. ఆ జట్టుకు ఒక్కసారీ కప్పు దక్కలేదు, ఫైనల్ మెట్టు కూడా ఎక్కలేదు. రాత్రి ఆట చూసి, తెల్లవారి టీ కొట్టు దగ్గర చేరే అభిమానుల్లో ఈ బాధ అంతా యింతా కాదు. ఒకప్పుడు తామూ కూతకు వెళ్లి మోకాళ్లు చెక్కుకున్నవారు కావడంతో వారి విమర్శలో పస ఉన్నది. వారు చెప్పే మాటల్లో ముఖ్యమైనది ఒక్కటే: డబ్బు పోసి ఒక్క మొనగాణ్ణి తెస్తే జట్టు కాదు.

66 ఆటల్లో ఐదు గెలుపులు

తెలుగు జట్టు మొదటి నుంచీ బలహీనమైనదేమీ కాదు. 2015లో జరిగిన రెండో సీజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. 2016లో నాలుగో సీజన్‌లో సెమీఫైనల్ ఆడింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి మొదటి ఆరు సీజన్లూ ఈ జట్టులోనే ఆడి, మన పల్లెల్లో పిల్లలు సైతం గుర్తుపట్టేంత పేరు తెచ్చుకున్నాడు.

తరువాతే కష్టకాలం మొదలైంది. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటి గెలిచింది. 2022లో తొమ్మిదో సీజన్‌లో రెండు, 2023 డిసెంబరులో మొదలైన పదో సీజన్‌లో మరో రెండు. అంటే మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడితే ఐదే గెలుపులు. మూడుసార్లూ చిట్టచివరి స్థానమే.

పదో సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగింది. పుణేరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు ఎత్తుకున్నది. పెళ్లి మన ముంగిట్లో, పెళ్లికొడుకు పొరుగూరివాడు అన్నట్లయింది అభిమానుల పని.

సగం సొమ్ము ఒక్కరికే

ఆ పదో సీజన్‌కు ముందు జరిగిన వేలాన్ని అభిమానులు యిప్పటికీ తలచుకుంటారు. ఒక్కో జట్టు మొత్తం మీద ఐదు కోట్ల రూపాయలకు మించి ఖర్చు పెట్టరాదని నిబంధన. తెలుగు టైటాన్స్ అందులో 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పవన్ సెహ్రావత్ అనే ఒక్క రైడర్‌కే పెట్టింది. లీగ్‌లో అంత ధర అంతకు ముందు ఎవరికీ పలకలేదు. కనీసం 18 మంది ఉండవలసిన జట్టులో మిగిలిన వారందరికీ కలిపి రెండు కోట్ల 40 లక్షల లోపే మిగిలింది.

పవన్ ఆటలో లోపం లేదు. ఆ సీజన్‌లో రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు గెలిచింది రెండే. ఒక ఎద్దు మంచిదైనంత మాత్రాన నాగలి సాగదని, జోడెద్దు కూడా కావాలని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చచ్చినవాణ్ణి బతికించేదెవరు?

ఈ విషయం అర్థం కావాలంటే ఆట కీలకం తెలియాలి. ఒక్కో వైపు ఏడుగురు. కూతకు 30 సెకన్ల గడువు. కూతకు వెళ్లి పట్టుబడినవాడు చచ్చినట్లే, బయట కూర్చోవలసిందే. ఎంత ధర పెట్టి కొన్నవాడైనా తనంత తాను లోపలికి రాలేడు. తన జట్టువాళ్లు ఎదుటివాణ్ణి పట్టినప్పుడో, మరొకడు కూతకు వెళ్లి ఎదుటివారిని తాకి వచ్చినప్పుడో అతనికి మళ్లీ ప్రాణం వస్తుంది. బోనస్ గీత తొక్కి తెచ్చిన పాయింటుకు చచ్చినవాడు బతకడు.

కనుక ఒక్క కూతగాడి మీదే ఆధారపడిన జట్టును ఓడించడం ప్రత్యర్థికి సులువు. ఆ ఒక్కణ్ణి కాచుకుని పట్టి, బయట కూర్చోబెట్టి, తరువాత తీరిగ్గా మిగతా వారిని తుడిచిపెడితే చాలు. కోటి రూపాయల కాళ్లు బెంచీ మీద చతికిలబడి ఉంటాయి.

అందుకే పాత ఆటగాళ్లు ముందు పట్టుగాళ్లను చూడమంటున్నారు. రెండు మూలల్లో నిలిచే ఇద్దరికీ మడమ పట్టు, తొడ పట్టు బాగా వచ్చి ఉండాలి. లోపల నిలిచే కవర్లు వెంటనే మీద పడి గొలుసు బిగించాలి. ఒకడు తొందరపడి ముందుకు దూకితే ఆ సందులో నుంచి ఇద్దరు ముగ్గురిని తాకి రైడర్ వెళ్లిపోతాడు. ఈ సమన్వయం వేలంలో దొరికేది కాదని, కలిసి ఆడగా ఆడగా వచ్చేదని వారి వాదన. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు పడితే సూపర్ ట్యాకిల్ కింద అదనంగా ఒక పాయింటు వస్తుందన్న సంగతి ఇక్కడ గమనార్హం. ఓడిపోతున్న ఆటను తిప్పగలిగేది ఆ పట్టే.

పట్నా, తమిళ జట్ల పాఠం

దీనికి ఎదురు చెప్పేవారూ లేకపోలేదు. పట్నా పైరేట్స్ 2016లో రెండుసార్లు, 2017లో ఒకసారి వరుసగా కప్పు గెలిచింది ప్రదీప్ నర్వాల్ కూతతోనే కదా అని వారి ప్రశ్న. నిజమే. 2017లో ప్రదీప్ 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయితే 2019లో కూడా అతను మూడు వందలు దాటాడు. పట్నా మాత్రం ప్లేఆఫ్ దశకే చేరలేదు. తరువాత అతను వేరే జట్టుకు వెళ్లిపోయాడు. మొనగాడు లేని ఆ పట్నా జట్టే పట్టు బలంతో ఎనిమిదో సీజన్ ఫైనల్‌కు వెళ్లి, 36–37తో ఒక్క పాయింటు తేడాలో ఢిల్లీ చేతిలో ఓడింది.

తమిళ్ తలైవాస్ కథ మరీ విచిత్రం. పవన్ సెహ్రావత్‌ను 2022లో ఆ జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి అతను సీజన్‌కంతా దూరమయ్యాడు. ఇక ఆ జట్టు పని అయిపోయిందని అంతా అనుకున్నారు. కాని, ఉన్నవాళ్లే భుజం భుజం కలిపి ఆడి, ఆ జట్టు చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కు చేరారు. అదే మొనగాడు మరుసటి సీజన్‌లో తెలుగు జట్టుకు వచ్చి నిక్షేపంగా ఆడినా జట్టు అట్టడుగునే ఉండిపోయింది. తప్పు మొనగాడిది కాదు, అతని చుట్టూ జట్టును కట్టనివారిదని అభిమానులు తేల్చి చెబుతున్నారు.

దారిన పడ్డ జట్టు

గత రెండు సీజన్లలో తెలుగు టైటాన్స్ ఆట మెరుగుపడిన మాట వాస్తవం. అంతకు ముందు సీజన్‌కొక శిక్షకుడు వచ్చి పోయేవాడు. 2024లో కృష్ణకుమార్ హూడాకు జట్టును అప్పగించారు. ఎనిమిదో సీజన్‌లో ఢిల్లీకి కప్పు సాధించి పెట్టిన శిక్షకుడాయన. ఆ ఏడాది టైటాన్స్ 22 మ్యాచ్‌లలో 12 గెలిచి ఏడో స్థానానికి వచ్చింది. మొదటి ఆరు జట్లకే తరువాతి దశలో చోటు కావడంతో ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. పవన్ గాయపడినప్పుడు విజయ్ మలిక్ బరువు మోశాడు.

2025లో పవన్ జట్టులో లేడు. శిక్షకుణ్ణి మార్చలేదు. విజయ్ మలిక్ కెప్టెన్ అయ్యాడు. భరత్ హూడా వచ్చి కలిశాడు. జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో 45–50తో ఓడింది. ఇంకొక్క గెలుపుతో ఫైనల్ ఆడి ఉండేది. అట్టడుగు నుంచి రెండేళ్లలో ఇంతదూరం రావడానికి కోట్ల మొనగాడు కారణం కాదు. ఈ సంగతి యాజమాన్యం మరువరాదని, వేలం రాగానే ఉన్నవారిని చెదరగొట్టి మళ్లీ మొదటికి రారాదని అభిమానుల కోరిక. నారుమడి మార్చినన్ని సార్లు పైరు మారిస్తే గింజ పట్టదు.

మన కుర్రాళ్లెక్కడ?

అన్నిటికన్నా అభిమానుల మనసు నొచ్చుకునే విషయం మరొకటున్నది. పేరు తెలుగు జట్టే గాని, మ్యాచ్ రోజున దిగే ఏడుగురిలో తెలుగు కుర్రాళ్లు కానవచ్చేది తక్కువ. హర్యానా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారే ఎక్కువ. వారిని తేవద్దని ఎవరూ అనడం లేదు. ఆట ఎవరిదైనా ఆటే. కాని సంక్రాంతి పోటీల్లో ఊరంతా భుజాలకెత్తుకున్న కుర్రవాడు ఆ తరువాత ఏమవుతున్నాడన్నది ప్రశ్న. రెండు మూడేళ్లు కప్పులు, షీల్డులు తెచ్చి, పై మెట్టు కనిపించక వలస పోతున్నాడు, లేదా ఆటోయో ట్రాక్టరో నడుపుకుంటున్నాడు.

మట్టి మీద ఆట వేరు, మ్యాట్ మీద ఆట వేరు. మట్టిలో ఒట్టికాళ్లతో ఆడినవాడు బూట్లు తొడుక్కుని మ్యాట్ మీద ఒక్కసారిగా మడమ తిప్పితే మోకాలు మెలిక పడుతుంది. ఆట మరిచి, అడుగు మళ్లీ నేర్చుకోవాలి. అందుకు మ్యాట్ కావాలి, నేర్పేవారు కావాలి. కుర్రాళ్లు తమంతట తాము చేయగలిగినది కాదిది.

పుణే జట్టు ఈ పని చేసి చూపింది. తన కింద యువ పల్టన్ పేరుతో కుర్రాళ్ల జట్టును నడిపింది. అస్లం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ ఎనిమిదో సీజన్‌లో కొత్త కుర్రాళ్లుగా చేరారు. వారిని వదులుకోలేదు. రెండేళ్లు తిరిగేసరికి అస్లం కెప్టెన్‌గా కప్పు అందుకున్నాడు. వేలంతో పని లేకుండా కొత్త యువ ఆటగాళ్లను తీసుకునే వీలు లీగ్ నిబంధనల్లోనే ఉన్నది. ఆ వీలును తెలుగు జట్టు మన జిల్లాల కోసం వాడుకోవాలని అభిమానులు కోరుతున్నారు.

జిల్లాలకు రావాలి

వారి సూచనలు మూడు. మొదటిది, జట్టు తరఫున ఆట తెలిసిన మనుషులు సంక్రాంతి, ఉగాది, తిరునాళ్ల పోటీలకు స్వయంగా రావాలి. నగరంలో ఒక రోజు ఎంపిక పెట్టి రమ్మంటే బస్సు చార్జీ లేని కుర్రవాడు రాలేడు.

రెండోది, జిల్లాకొక ఉన్నత పాఠశాలలోనైనా మ్యాట్ వేయించి, వ్యాయామోపాధ్యాయులకు శిక్షణ యిప్పించాలి. ఒక మొనగాడి ధరలో చిన్న వాటా చాలు.

మూడోది, జట్టు పల్లె జనానికి కనబడాలి. 2018 తరువాత మళ్లీ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. తొలిరోజు తెలుగు జట్టే ఆడి, 35–38తో తమిళ్ తలైవాస్ చేతిలో ఓడింది. అయితే ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క ఆటా జరగలేదు. లీగ్ మ్యాచ్‌లు ఎక్కడ పెట్టాలన్నది జట్టు చేతిలో లేకపోవచ్చు. సీజన్‌కు ముందు ఆడుకునే సాధన ఆటలైనా వరంగల్, కాకినాడ, కర్నూలు వంటి చోట్ల పెడితే వచ్చే నష్టమేమీ లేదని వారంటున్నారు.

గ్రామాల వంతు కూడా కొంత ఉన్నది. పోటీలు పెట్టే కమిటీలు బహుమతి సొమ్ము పెంచడమే ఘనత అనుకోకుండా, కోర్టులో రాళ్లు ఏరించి, నేల మెత్తగా దున్నించి, దెబ్బ తగిలిన కుర్రవాడికి వైద్యం చేయించే ఏర్పాటు చూడాలి. మోకాలు పోయిన తరువాత ఎంత బహుమతి యిచ్చినా ఆట తిరిగి రాదు. లీగ్‌లో 85 కిలోల బరువు దాటినవారికి చోటుండదన్న సంగతి కూడా కుర్రాళ్లకు చెప్పాలి. కండ ఒక్కటే పెంచితే చాలదు.

తెలుగు జట్టు ఓడినా అభిమాని తిట్టుకుంటూనే మరునాటి ఆటకు మళ్లీ కూర్చుంటున్నాడు. మూడు సీజన్లలో ఐదే గెలుపులు చూసిన రోజుల్లోనూ వదలలేదు. ఆ ఓపికకు బదులుగా అతను అడుగుతున్నది కప్పు ఒక్కటే కాదు. తమ ఊరి పక్క ఊరి కుర్రవాడు ఒక్కడైనా ఆ పసుపు చొక్కా తొడుక్కుని కూతకు వెళ్లడం చూడాలని.