శుక్రుని పటం, మన పద్దు

న్యూఢిల్లీ: శుక్రగ్రహం చుట్టూ తిరిగే నౌకను పంపే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2028 మార్చిలో ప్రయోగించాలన్నది నాడు ప్రకటించిన లక్ష్యం. తాగునీటికి కటకటలాడే పల్లెలుండగా శుక్రుని గొడవ మనకెందుకని రాజధానిలోనూ నన్ను అడిగినవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానం ఇతర దేశాల అనుభవంలో కొంత దొరుకుతుంది.

శుక్రుణ్ణి దట్టమైన మేఘాలు సదా కప్పి ఉంటాయి. కెమెరాకు లొంగని ఆ తెరను రాడార్ తరంగాలు దాటిపోతాయి. నేలను తాకి మరలివచ్చిన తరంగాలను నౌక సాగిపోతూ నమోదు చేస్తుంది. వాటిని గణితంతో జోడిస్తే చిన్న యాంటెన్నాయే మహా యాంటెన్నా పని చేస్తుంది.

సోవియట్ యూనియన్ పంపిన వెనెరా-15, 16 నౌకలు 1983-84లో ఈ విధంగానే ఆ గ్రహంలో సుమారు నాలుగో వంతును చిత్రించాయి. అమెరికా మొదట తలపెట్టిన ఖరీదైన పథకం 1980ల ఆరంభంలో రద్దయింది. దాని స్థానంలో పొదుపుగా నిర్మించినదే మాగెల్లాన్. వాయేజర్ పథకంలో మిగిలిన 3.7 మీటర్ల యాంటెన్నాను దానికి అమర్చారు. 1990లో శుక్రుని చేరిన ఆ నౌక 98 శాతం ఉపరితలాన్ని పటానికెక్కించింది.

అసలు విశేషం తరువాతిది. 1991లో ఎనిమిది నెలల తేడాతో తీసిన చిత్రాలను పరిశోధకులు మళ్లీ పోల్చి చూడగా, మాట్ మోన్స్ పర్వతం వద్ద ఒక అగ్నిపర్వత బిలం ఆకారం మారినట్లు తేలింది. ఈ సంగతి 2023లో వెల్లడైంది. నౌక అంతరించి మూడు దశాబ్దాలు కావస్తున్నా దాని సమాచారం ఫలించిందంటే, దానిని భద్రపరచి అందరికీ అందుబాటులో ఉంచడమే కారణం.

రాడార్ విద్య శుక్రునికే పరిమితం కాదు. నాసాతో కలిసి ఇస్రో నిర్మించిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది. అది చూసేది మన భూమినే. వరద నీరు, నేలలోని తేమ, నేల కుంగుబాటు దాని పరిధిలోనివి. పల్లె అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు.

శుక్రునిపై ఒక పీఠభూమికి లక్ష్మి పేరుంది. పేరు మనదే గాని, ఆ పటం గీసినవారు పరులు. రేపు మనం గీయబోయే పటం మన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఎంత త్వరగా, ఎంత స్వేచ్ఛగా అందుతుంది? పద్దును ఆమోదించే పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. ప్రజాధనానికి లెక్క అడగడమంటే ఇదీ ఒకటి.