దినచర్యాలేఖనము - సెల్‌ఫోను వ్యసనము

క్రీ. శ. 1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. వారు ఆ నగరపు సుప్రీం కోర్టులో ద్విభాషిగా నుండిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరువరకు తాము దిగిన మజిలీలను, దాటిన నదులను, చూచిన ఆచారములను తెలుగున వ్రాసియుంచిరి. ఆ వ్రాతయే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా వెలువడినది. నేడు తమిళనాటికి రాజధానియైన ఆ నగరమున వసించిన తెలుగువానికి దినచర్య వ్రాయుట సహజవిద్యయై యుండెను. ఆ పాత విద్య నేటి యొక క్రొత్త వ్యసనమును మాన్పుటకు ఎట్లు తోడ్పడునో ఇచట విచారింపబడుచున్నది.

పని లేకున్నను సెల్‌ఫోనును చేతబట్టి, తెరను వ్రేలితో పైకి త్రోయుచు, ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు గంటలకొలది సాగుటయే ఆ వ్యసనము. దీనికి ముఖ్యకారణములు రెండు. మొదటిది, ఆ తెరకు అంతము లేకుండుట. పుస్తకమునకు ప్రకరణాంతము గలదు. ఉత్తరమునకు చేవ్రాలు గలదు. అచట చదువరి ఆగి, చాలునో చాలదో యోచించును. 2006లో ఏజా రాస్కిన్ అను అమెరికా దేశీయుడు కల్పించిన అంతులేని తెరలో అట్టి విరామము లేదు. తన కల్పనవలన గలిగిన కీడునకు ఆయనయే పిమ్మట చింతించెను.

రెండవది, ప్రతిఫలమునకు నియమము లేకుండుట. ఎన్నిమారులు పొడిచిన గింజ పడునో తెలియని పావురము, గింజలు నిలిచిపోయినను చాలసేపు పొడుచుచునే యుండునని 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ గ్రంథమున వివరించిరి. పది నిస్సారమైన బొమ్మల పిదప ఒకటి నవ్వించును. ఆ యొక్కదానికై వ్రేలు ఆగక కదలుచుండును.

అలవాటునకు బలము ఎరుక లేకుండుటయందున్నది. చేయి ఫోనును తీసిన పిమ్మటగాని మనస్సునకు తెలియదు. వ్రాతకు ఎరుక కావలయును. తన నడతను తానే గుర్తించి వ్రాసికొనువాని నడత ఆ వ్రాతవలననే కొంత మారునని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. ఎన్ని గంటలు గడచినవో ఫోనే చూపగలదు గదా యని కొంద రనవచ్చును. అది కాలమును చెప్పును గాని కారణమును చెప్పజాలదు. కారణమును వ్రాసికొనవలసినవాడు మనుష్యుడే.

విధానము సులభము. ఫోను ఉంచుచోటనే చిన్న నోటుపుస్తకమును, కలమును ఉంచవలెను. ఫోను తీయుటకు ముందు వేళ, మనఃస్థితి, కోరినది వ్రాయవలెను. పెట్టిన పిదప వేళను, లభించినదానిని వ్రాయవలెను. మాటవరుసకు, సోలాపురమున మరమగ్గముపై పనిచేసి ఇల్లు చేరిన యొక కార్మికుడు ఇట్లు వ్రాసెననుకొందము: "రాత్రి 9-40. అలసట. ఊరి సంగతులు తెలియునని తీసితిని. 10-50కి పెట్టితిని. ఊరి సంగతి ఒక్కటియు లేదు."

ఇట్టి పంక్తులను వారమున కొకమారు చదివినచో, ఆతడు వెదకునది బొమ్మలను కాదనియు, తనవారి పలుకరింపు ననియు తేటపడును. అపుడు, "భోజనము కాగానే అన్నకు ఫోను చేయుదును" అని నిర్ణయించుకొని పుస్తకమున వ్రాయవలెను. ఫలానా వేళ ఫలానా పని యని ముందుగా నిశ్చయించుకొనినవారు సంకల్పమును నెరవేర్చుకొనుట మెండని 1999లో గోల్విట్సర్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. శూన్యమైన వేళకు మరియొక పని నియమింపక ఫోనును మాత్రము నిషేధించినచో, చేయి మరల దానినే వెదకును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. ఈ దినచర్యను ఫోనులో వ్రాయరాదు. ఒకనాడు తప్పినచో తన్ను తాను నిందించుకొనక మరునాడు వ్రాయవలెను. పిల్లల పుస్తకమును వారి యనుమతి లేక పెద్దలు చదువరాదు. చదివినచో వారు సత్యము వ్రాయుట మానుదురు. నిద్రయు, చదువును, జీవనోపాధియు చెడునంతగా వ్యసనము ముదిరినచో వైద్యుని సలహా పొందవలెను.

ఆంధ్ర, తెలంగాణములకు వెలుపల నున్న తెలుగు కుటుంబములకు ఇందు మరియొక లాభము గలదు. హోసూరునందును, బళ్లారియందును, బరంపురమునందును ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తెలుగు వ్రాయ నేర్వని బాలురు పెక్కురు గలరు. తమిళనాట 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము క్రమముగా నిర్బంధమైన పిమ్మట తెలుగునకు బడిలో దక్కు వేళ తగ్గినది. ఫోనులో తెలుగు పాటయు, మాటయు వినవచ్చును గాని, వినుటకు అక్షరము అక్కరలేదు. కావున తెలుగు చెవిని నిలిచి, చేతినుండి జారిపోవుచున్నది. రాత్రి ఫోను పెట్టి తెలుగున నాలుగు పంక్తులు వ్రాసిన బాలునికి వ్యసనము తగ్గుటయేగాక లిపియు నిలుచును. మొదట తప్పులు దొర్లినను దిద్దుటకు తొందరపడరాదు. ఇంటి పెద్దలు తామును ఒక పుస్తకము తెరచి ప్రక్కన కూర్చుండిన అదియే చాలును.

వీరాస్వామయ్యగారు దిగిన మజిలీల సంగతి నేటికిని మనకు తెలియుచున్నది. నిన్న రాత్రి తెరపై గడచిన గంటలో ఏమి చూచితిమో మనకే జ్ఞప్తి లేదు. ఈ భేదమును గుర్తించి ప్రతి తెలుగు ఇంట ఒక దినచర్య పుస్తకమునకు చోటు కల్పింతురుగాక.