ఓడెక్కే ముందు ఒక పూట



హైదరాబాదుకి సముద్రం లేదు. హుస్సేన్‌సాగరం వుంది గాని, దానిలో తిరిగే పడవలు బుద్ధుడి విగ్రహం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవే. అలాంటి వూళ్ళో కూర్చుని ఓడ ప్రయాణం మాట చెబుతానంటే మీకు నవ్వు రావచ్చు. కాని ఒక్కసారి ఆలోచించి చూడండి. మన జిల్లాల నుంచి ఓడెక్కడానికి బయలుదేరే వాళ్ళలో ఎంతోమంది ముందు దిగేది హైదరాబాదులోనే. నాంపల్లి స్టేషను నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నానికి తీసుకుపోతుంది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ చెన్నైకి, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ముంబయికి. మూడు రైళ్ళు, మూడు రేవులు. అండమాను వెళ్ళే ఓడలు చెన్నైలోనూ విశాఖలోనూ దొరుకుతాయి. విహారానికి తిప్పే పెద్ద ఓడల కోసం విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కూడా తెరిచారు.

ఆ మాటకొస్తే నాంపల్లికీ ఓడలకీ సంబంధం కొత్తదేం కాదు. అక్కడి హజ్ హౌస్ మీరు చూసే వుంటారు. మన దేశం నుంచి హజ్ యాత్రికులు 1995 దాకా ఓడల మీద వెళ్ళేవారు. ముంబయి దాకా రైలు, అక్కణ్ణించి సముద్రం. ఇప్పుడు అందరిదీ విమాన ప్రయాణమే అనుకోండి.

సరే, పొద్దున్న బస్సు దిగారు, రైలు సాయంత్రానికి. మధ్యలో ఒక పూట మిగిలింది. సాధారణంగా జరిగేదేమిటంటే, మగవాళ్ళు "అలా వెళ్ళి వస్తాం" అని బయటికి వెళతారు. పిల్లలు వాళ్ళ వెంట పడతారు. పెట్టెల మీద ఒక చెయ్యి, సంచీ మీద ఒక చెయ్యి వేసుకుని వెయిటింగ్ హాల్లో కూర్చునేది మనం. ఆ పూట మనదీ కావాలంటే ఏం చెయ్యాలో చెప్పడానికే ఈ ప్రసంగం.

మొట్టమొదట స్టేషను సంగతి. హైదరాబాదులో రైలెక్కే స్టేషన్లు చాలా వున్నాయి. నాంపల్లి, సికింద్రాబాదు, కాచిగూడ, లింగంపల్లి, ఈ మధ్య 2025 జనవరిలో పెద్దదిగా కట్టి ప్రారంభించిన చర్లపల్లి. టిక్కెట్టు మీద "హైదరాబాద్ దక్కన్" అని వుంటే అది నాంపల్లి అన్నమాట. నాకు తెలిసిన ఒక కుటుంబం, హైదరాబాదు అంటే సికింద్రాబాదే కదా అనుకుని అక్కడ దిగబడి, తీరా సంగతి తెలిసి ఆటోలో పరుగెత్తుకొచ్చారు. రైలు అందింది గాని, ఇంటి పెద్దావిడకి చెన్నై చేరేదాకా గుండెదడ తగ్గలేదట. పైగా పనులు జరిగేటప్పుడు రైళ్ళను ఒక స్టేషను నుంచి ఇంకోదానికి మారుస్తూ వుంటారు. కనుక బయలుదేరే రోజు పొద్దున్నే 139కి ఫోను చేసి రైలు ఎక్కణ్ణించి, ఎన్నింటికి అని కనుక్కోండి. మనకి తెలుసులే అనుకోవద్దు.

రెండోది సామాను. బరువు చేతిలో వుండగా ఏ వూరూ కనపడదు. స్టేషనులో సామాను దాచే క్లోక్‌రూమ్‌లో పెట్టెలకి తాళం వేసి వుంటేనే తీసుకుంటారు, టిక్కెట్టు కూడా చూపించమంటారు. తాడు కట్టిన మూటలూ, జిప్పు తెగిన సంచులూ పనికిరావు. కనుక ఇంట్లోనే చిన్న తాళాలు రెండు మూడు వేసుకుని రండి. డబ్బు, నగలు, ఓడ టిక్కెట్లు, గుర్తింపు కార్డులు, మందులు మాత్రం ఆ పెట్టెల్లో పెట్టవద్దు. ఒక చేతి సంచీలో వేసి భుజానికి అడ్డంగా తగిలించుకోండి. రసీదు ఎక్కడ పెట్టారో ఇంకొకరికి కూడా చెప్పి వుంచండి.

మూడోది, ఎంత చూడాలి అన్నది. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ ఒక్క పూటలో చుట్టెయ్యాలనుకుంటే ట్రాఫిక్కులోనే పొద్దు గూకుతుంది. అందులోనూ సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అవన్నీ తిరుగు ప్రయాణానికి అట్టేపెట్టుకోండి. ఈ పూటకి స్టేషను నుంచి నడిచి వెళ్ళి నడిచి రాగల చోటు ఒకటి వుంది. అదే మొజంజాహీ మార్కెట్. నాంపల్లి స్టేషనుకి సుమారు ఒక కిలోమీటరు. నడవలేని పెద్దవాళ్ళుంటే ఆటో వుంది. మెట్రో రైలయితే నాంపల్లి తర్వాతి స్టేషను గాంధీభవన్ దగ్గర దిగి కాస్త నడవాలి.

ఈ మార్కెట్టు వూరికే పుట్టలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలమంది ప్రాణాలు తీసింది. ఆ తరువాత ఇరుకు వాడలు తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ వచ్చేలా ఇళ్ళూ బజార్లూ కట్టడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఆ మండలి పనుల్లో ఒకటి 1935లో తయారైన ఈ మార్కెట్టు. ఏడో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. రోడ్లు కలిసేచోట మూలమీద గడియారపు గోపురం, దానికి అటూ ఇటూ రెక్కల్లాగా చాచుకున్న దుకాణాల వరసలు, అంతా మన దక్కను నల్లరాయే. చాలా ఏళ్ళు బోర్డులూ రేకులూ తీగలూ కప్పేసి రాయి కనపడకుండా పోయింది. 2018లో బాగుచెయ్యడం మొదలుపెట్టి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. సాయంత్రం పూట దీపాలు వేస్తే చూడముచ్చటగా వుంటుంది.

మొజం జా భార్య నీలోఫర్ పేరు మన ఆడవాళ్ళు తెలుసుకోవలసింది. ఆవిడ టర్కీ రాజవంశం పిల్ల. 1931లో ఫ్రాన్సులోని నీస్‌లో పెళ్ళయితే, ఓడ మీదే సముద్రం దాటి ముంబయిలో దిగి ఈ వూరికి కోడలుగా వచ్చింది. ఆవిడ దగ్గర పనిచేసే పరిచారిక ఒకామె కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలో, ఇక ఏ తల్లికీ ఇలా కాకూడదని పట్టుబట్టి, స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి రావడానికి కారణమైంది. అదే 1953లో తెరిచిన నీలోఫర్ ఆసుపత్రి, నాంపల్లికి దగ్గరలోనే రెడ్‌హిల్స్‌లో వుంది. భర్త పేరు మార్కెట్టు మీద వుంటే, భార్య పేరు ఎందరో బిడ్డలు కళ్ళు తెరిచిన ఆసుపత్రి మీద వుంది.

మార్కెట్టు ఒకప్పుడు పళ్ళకి పుట్టినిల్లు. 1980ల్లో టోకు వ్యాపారం కొత్తపేటకి తరలిపోయింది, ఆ తర్వాత అక్కణ్ణించీ వూరి బయటికి పోయింది. పళ్ళు వెళ్ళినా పళ్ళ రుచి ఐస్‌క్రీములో మిగిలింది. ఇక్కడి పాత ఐస్‌క్రీము దుకాణాల పేరు చెప్పుకోనివాళ్ళుండరు. ఎండాకాలం మామిడి, చలి మొదలయ్యే ముందు సీతాఫలం, మిగతా రోజుల్లో సపోటా, అంజీరు. పాతపద్ధతిలో దీన్ని చెక్కపీపాలో ఐసుముక్కల మధ్య డబ్బా పెట్టి చేత్తో తిప్పి చేసేవారు. ఐసు మీద ఉప్పెందుకు చల్లుతారో తెలుసా? ఉప్పు కలిస్తే ఐసు త్వరగా కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోని పాల నుంచి లాక్కుంటుంది. అందువల్ల ఆ ఉప్పునీళ్ళు మామూలు ఐసు కన్నా ఇంకా చల్లబడి పాలు గడ్డకడతాయి. ఇంట్లో పిల్లలకి చేసి చూపించండి, సైన్సు పాఠం నోట్లో పెట్టినట్టుంటుంది.

మార్కెట్టు పక్కనే కరాచీ బేకరీ. దేశవిభజనప్పుడు కరాచీ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో ఇక్కడ మొదలుపెట్టాడు. విడిచి వచ్చిన వూరి పేరే దుకాణానికి పెట్టుకున్నాడు. దీని ఫ్రూట్ బిస్కట్లు ఓడ ప్రయాణానికి బాగా పనికొస్తాయి, ఎందుకో తరువాత చెబుతాను.

అక్కణ్ణించి పదిహేను నిమిషాలు నడిస్తే ఆబిడ్స్. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ దగ్గర నౌకరీ చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెడితే, ఆ పేరు మొత్తం పేటకే అంటుకుంది. మీరు వచ్చింది ఆదివారమైతే దుకాణాలు చాలావరకు మూసి వుంటాయి గాని, బాధపడకండి. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ల మీద పాతపుస్తకాలు పరుస్తారు. ఓడలో కాలక్షేపానికి రెండు నవలలు అక్కడే ఏరుకోవచ్చు. మామూలు రోజైతే ఇంకొంచెం ముందుకు సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం చూడండి. 1901లో, తెలుగుకి ఇక్కడ ఆదరణ తక్కువగా వున్న రోజుల్లో పెట్టిన గ్రంథాలయమది.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరిగే రోజులవి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, ఇప్పుడు వూరంతా కదిలి వచ్చే ఉత్సవమయింది. చూడదగ్గదే. కాని ఆ రోజుల్లో సాయంత్రం రోడ్లు కిటకిటలాడతాయి. ఆటోని నమ్ముకోకుండా గంట ముందే స్టేషనుకి నడిచి వచ్చెయ్యండి.

ఇక కొనుగోళ్ళు. ఓడెక్కడానికి వెళుతున్నారు గనక, కొనేవాటిని రెండు భాగాలు చేసుకోండి. ఇప్పుడు కొనేవీ, తిరిగొచ్చేటప్పుడు కొనేవీ. గాజులు, ముత్యాలు, పోచంపల్లి, నారాయణపేట చీరలు రెండో భాగంలోవి. ఓడలో మీ గది చిన్నది, ఆ పెట్టెలన్నీ ఎక్కిస్తూ దింపుతూ వుండాలి. కొనకపోయినా ఇప్పుడు ధరలు అడిగి రాసిపెట్టుకోండి. నాలుగు దుకాణాల్లో అడిగినవాళ్ళు వచ్చేటప్పుడు మోసపోరు. మొదటి భాగంలోకి వచ్చేవి సీలు తీయని బిస్కట్ పాకెట్లు, ఎండుద్రాక్ష, ఖర్జూరం. విహారపు ఓడల్లో ఇంటి దగ్గర వండినవి చాలాచోట్ల రానివ్వరు. రేవులో తనిఖీ దగ్గర ఆవకాయ జాడీ తీసేసుకుంటే మనసెంత చివుక్కుమంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఏవి తేవచ్చో ఓడ కంపెనీవాళ్ళిచ్చిన కాగితంలో ముందే చదువుకోండి. అండమాను ఓడల నియమాలు వేరుగా వుంటాయి.

తిండి విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. ఓడెక్కే ముందురోజు కడుపు పాడైతే ఆ ప్రయాణమంతా నరకం. పొయ్యిమీంచి దింపిన వేడివేడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు, వేడి ఇడ్లీ నిక్షేపంగా తినండి. కోసి పెట్టిన పళ్ళు, ఐసు వేసిన చెరకురసం, ఎప్పుడు రుబ్బారో తెలియని పచ్చడి మాత్రం వద్దు. ఐస్‌క్రీము గట్టిగా గడ్డకట్టివుంటేనే తీసుకోండి, కరిగి మళ్ళీ గడ్డకట్టినది వద్దు. నీళ్ళు మాత్రం బాగా తాగాలి. బయట బాత్రూమ్ దొరకదేమోనని ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు మానేస్తారు. మండుటెండలో అది ప్రమాదం. స్టేషను నుంచి బయలుదేరే ముందు ఒకసారి, మెట్రో స్టేషనులో ఒకసారి అని ముందే ఏర్పాటు చేసుకుంటే ఆ భయం వుండదు. సముద్రంలో తల తిరిగే స్వభావం వున్నవాళ్ళు డాక్టరునడిగి మాత్రలు ఇక్కడే కొని దగ్గరుంచుకోండి. గర్భిణులు, బీపీ మందులు వాడేవాళ్ళు సొంత వైద్యం చేసుకోవద్దు.

బస్సుల మాట. తెలంగాణ ఆడవాళ్ళకి 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. తెలంగాణ చిరునామా వున్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు మాత్రం టిక్కెట్టు తీసుకోవాలి. ఏ ఇబ్బందికైనా 112, మహిళలకి 181, ఈ రెండు నంబర్లూ పిల్లల చేత కంఠతా పట్టించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి మిగిలింది. రైలు తప్పితే రేపు ఇంకో రైలుంటుంది. ఓడ అలా కాదు. బయలుదేరే వేళకి చాలాముందే ఎక్కే ద్వారం మూసేస్తారు. మనకోసం ఆగదు, డబ్బు తిరిగి రావడమూ కష్టమే. పొద్దున్న రైలు దిగి మధ్యాహ్నం ఓడెక్కుదామని లెక్కవేసుకోవద్దు. రైలు నాలుగు గంటలు ఆలస్యమవడం మన దేశంలో వింతేమీ కాదు. ఒకరోజు ముందే రేవు వూరికి చేరి ఒక రాత్రి అక్కడ పడుకోండి. ఆ ఖర్చు, ఓడ తప్పితే పోయే డబ్బు ముందు ఎంత?

చివరిగా ఇంట్లో మగవాళ్ళతో ఒక ఒప్పందం చేసుకోండి. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టడానికి వీల్లేకపోతే, దాని దగ్గర కూర్చోవడం వంతులవారీగా జరగాలి. ఒక గంట వాళ్ళు, ఒక గంట మనం. ఓడ ప్రయాణానికి నెలల తరబడి డబ్బు కూడబెట్టిందీ, ఇంటికి తాళం వేసి పక్కింటావిడకి మొక్కల సంగతి అప్పజెప్పిందీ మనమే. గడియారపు గోపురం కింద నిలబడి నిదానంగా సీతాఫలం ఐస్‌క్రీము తినే పావుగంట అడిగి తీసుకోవడంలో తప్పులేదు.