ఇంటి కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ బెడద
మరమ్మతు ముందే వస్తున్నా వేసుకునేవారు కరవు

2017 మే 12, శుక్రవారం. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మధ్యాహ్నం కంప్యూటర్ తెరలు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబారాయి. ఫైళ్లన్నింటికీ తాళం పడిందనీ, 300 డాలర్లు బిట్‌కాయిన్ల రూపంలో చెల్లిస్తేనే తీస్తామనీ, మూడు రోజులు దాటితే ఆ మొత్తం 600 డాలర్లు అవుతుందనీ వాటిపై హెచ్చరిక కనిపించింది. రోగుల వివరాలు అందక వైద్యులు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. కొద్ది రోజులలోనే దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు ఈ దాడికి లోనయ్యాయి. మన దేశంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు, కేరళలో కొన్ని గ్రామ పంచాయతీ కార్యాలయాలు, పశ్చిమ బెంగాల్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు కొన్ని దాని వాతబడ్డాయి. దీనికి వన్నాక్రై అని పేరు. ఫైళ్లకు తాళం వేసి సొమ్ము గుంజే ఈ తరహా ప్రోగ్రాములనే రాన్సమ్‌వేర్ అంటున్నారు.

ఈ ఉదంతంలో అందరూ మరచిపోతున్న విషయం ఒకటుంది. వన్నాక్రై ఏ లోపం గుండా కంప్యూటర్లలోకి చొరబడిందో, ఆ లోపాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీనే ఉచితంగా విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందే! ఆ లోపాన్ని వాడుకునే సాధనాన్ని తయారుచేసింది అమెరికా జాతీయ భద్రతా సంస్థ కాగా, దానిని దొంగిలించి ఏప్రిల్ 14న బజారున పడేసింది షాడో బ్రోకర్స్ అనే ముఠా. అప్పటికీ ఇంకా నాలుగు వారాల వ్యవధి ఉంది. ఆ మరమ్మతు వేసుకున్న కంప్యూటర్లలోకి ఈ పురుగు ఆ దారిన చొరబడలేకపోయింది.

కాలం చెల్లిన విండోస్ ఎక్స్‌పీ వాడుతున్నవారే నష్టపోయారని అప్పట్లో విస్తృతంగా ప్రచారం జరిగింది. వాస్తవం వేరు. దాడికి గురైన కంప్యూటర్లలో దాదాపు 98 శాతం విండోస్ 7తో పనిచేస్తున్నవేనని కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తేల్చింది. విండోస్ 7కు అప్పటికి మరమ్మతులు క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నాయి. మందు ఇంటికి చేరింది, మింగినవారు లేరన్నమాట.

ఆసుపత్రులు, ఓడరేవులు, బ్యాంకులు దెబ్బతింటే పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ కారణంగా స్తంభించినప్పుడు, 2024 జూలైలో సీ ఎడ్జ్ అనే సాంకేతిక సేవల సంస్థపై దాడి జరిగి దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపుల సేవలు నిలిచిపోయినప్పుడు దేశమంతా చర్చించుకుంది. ఇంటి కంప్యూటర్‌కు ఆ భాగ్యం లేదు. అక్కడ పోయేవి పిల్లవాడి ప్రాజెక్టు నివేదిక, కన్నుమూసిన తండ్రి ఫోటోలు, ఇంటి నుంచే పన్ను రిటర్నులు రాసిచ్చే గుమాస్తా లెక్కలు, డీటీపీ పని చేసుకుని బతికే గృహిణి పదేళ్ల శ్రమ. ఇవి పోయాయని ఏ శాసనసభలోనూ ప్రశ్న రాదు.

ఇంటి కంప్యూటర్లపై పడే ముఠాల తీరు కూడా వేరు. స్టాప్ లేదా డెజావూ అని పిలిచే రాన్సమ్‌వేర్ వంశం ఇందుకు ప్రధాన ఉదాహరణ. 2018 చివరి నుంచి వ్యాపించిన ఈ వంశానికి పెద్ద సంస్థలతో పని లేదు. సామాన్యుని ఇంటికే వస్తుంది. అదీ పిలిస్తేనే వస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను డబ్బు చెల్లించకుండా వాడుకునేందుకు ఇంటర్నెట్‌లో దొరికే క్రాక్‌లు, దొంగ యాక్టివేషన్ సాధనాలు, ఆటల నకిలీ ప్రతులు దీని వాహనాలు. వాటిని తెరిచిన క్షణం నుంచీ అది పని ప్రారంభిస్తుంది. ఫైళ్లకు తాళం వేసేటప్పుడు యజమానికి అనుమానం రాకుండా తెర మీద విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్లు ఒక దొంగ కిటికీని చూపిస్తుంది. నిజమైన అప్‌డేట్‌ను ఏళ్ల తరబడి తప్పించుకున్న మనిషి ఈ నకిలీ అప్‌డేట్ ముగిసేదాకా ఓపికగా ఎదురు చూస్తాడు! ఆ తర్వాత 980 డాలర్లు చెల్లించమని, 72 గంటలలోగా సంప్రదిస్తే సగానికి సగం తగ్గించి 490 డాలర్లకే ఇస్తామని చీటీ కనిపిస్తుంది. ఆ తగ్గింపు ధర సైతం మన రూపాయలలో నలభై వేలకు పైమాటే.

మన దేశంలో ఇది ఎందుకింత సులువుగా సాగుతున్నదో తెలుసుకోవాలంటే కంప్యూటర్ దుకాణానికి వెళ్లాలి. 2017లో మన దేశంలోని కంప్యూటర్లలో నెలకొల్పిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదేనని అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ సంస్థల కూటమి బీఎస్ఏ తన సర్వేలో పేర్కొంది. విడిభాగాలు కొని బిగించి ఇచ్చే కంప్యూటర్‌లో విండోస్ ‘ఉచితంగా’ వేసి ఇవ్వడం చాలా పట్టణాలలో ఆనవాయితీ. లైసెన్సు ఖరీదు వేల రూపాయలు. ఇరవై వేలకు కంప్యూటర్ కొనే మధ్యతరగతి తండ్రికి అది భారమే, కాదనలేం. అయితే ఆ ఉచిత విండోస్‌తో పాటు మెకానిక్ రెండు సలహాలు ఇస్తాడు. అప్‌డేట్లు ఆపేయండి, లేకపోతే దొంగ ప్రతి అని విండోస్ గుర్తుపడుతుందన్నది మొదటిది. యాంటీవైరస్ కాసేపు కట్టేయండి, లేకపోతే క్రాక్‌ను పనిచేయనివ్వదన్నది రెండోది. వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ తెరిచిపెట్టడమంటే ఇదే. లైసెన్సు సొమ్ము మిగిలిందనుకున్న ఇంట్లో దానికి నాలుగింతలు ఒక్క పూటలో అడిగే బందిపోటు దిగుతున్నాడు.

లైసెన్సు ఉన్నవారు సైతం అప్‌డేట్ అనగానే మొహం చాటేస్తున్నారు. వారి కారణాలు వారికున్నాయి. అత్యవసరమైన పని మధ్యలో యంత్రం ఆగిపోయి, తిరుగుతున్న చక్రం వంక చూస్తూ కూర్చున్న అనుభవం చాలామందికి ఉంది. ఫోను హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపే ఇళ్లలో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల డేటా పరిమితి మరో చిక్కు. డేటాను ఆదా చేయడానికి ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తు పెడితే విండోస్ చాలా అప్‌డేట్లను తనంతట తాను దింపుకోవడం మానేస్తుంది. ఒకసారి పెట్టిన ఆ గుర్తు సంగతి ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. తమ కంప్యూటర్ నెలల తరబడి వెనకబడి ఉన్నదన్న సంగతీ తెలియదు.

నెలకొకసారి వెచ్చిస్తే చాలిన పని ఇది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా మరమ్మతులను విడుదల చేస్తుంది. మన గడియారం ప్రకారం అది మంగళవారం రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. కాబట్టి ఆ వారంలో ఏదో ఒక సాయంత్రం కంప్యూటర్‌ను కరెంటుకు తగిలించి, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ తెరిచి, దిగినవన్నీ పూర్తయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. రీస్టార్ట్ చేయనిదే చాలా మరమ్మతులు అమలులోకి రావు. మూత మూసి లేపడం రీస్టార్ట్ కాదు. బ్రౌజర్‌కు, పీడీఎఫ్‌లు చదివే ప్రోగ్రాముకు, గోడకు వేలాడుతున్న వైఫై రౌటర్‌కు కూడా వేరువేరుగా అప్‌డేట్లు ఉంటాయి. రౌటర్‌ను కొన్ననాటి నుంచీ ముట్టుకోని ఇళ్లే ఎక్కువ.

అప్‌డేట్లు అసలు రాని కంప్యూటర్ల సమస్య ఇప్పుడు మరింత పెద్దదైంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతివే అర్హమైనవి. నిక్షేపంగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో ఈ పరీక్షలో తప్పుతాయి. వీటి యజమానుల కోసం గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా మరమ్మతులు అందిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 30 డాలర్లు చెల్లించి గానీ, తమ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో అనుసంధానించుకుని ఉచితంగా గానీ దీనికి నమోదు కావచ్చునని తెలిపింది. ఇంకా పనిచేస్తున్న కంప్యూటర్‌ను చెత్తబుట్టలో వేయలేనివారికి లినక్స్ ఒక మార్గం. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ మన దేశంలోనే తయారైంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. ఉత్తరాలు రాయడానికి, బ్యాంకు పని చూసుకోవడానికి, పిల్లల చదువుకు ఇవి చాలు. దుకాణంలో వీటి పేరెత్తితే మెకానిక్ నవ్వవచ్చు. క్రాక్ వేసిన విండోస్ కంటే ఇవి ఎన్నో రెట్లు మేలు.

ఇంత చేసినా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. బిల్లు అనో, కొరియర్ రసీదు అనో వచ్చిన ఈమెయిల్ జోడింపును తొందరలో తెరిచేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అందువల్ల అసలు రక్ష నకళ్లలోనే ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. అనేక రోజుల పాటు ఓపీ చీటీల దగ్గర నుంచి పరీక్షల ఫలితాల వరకు చేతిరాతతోనే నడిపించారు. అయినా ఈ హాస్పిటల్ వ్యవస్థలోని సమాచారమంతా తిరిగి దక్కింది. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్‌లో నకలు మిగిలి ఉండటమే అందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది.

ఆ బ్యాకప్ సర్వర్‌కు ఇంట్లో సమానమైనది బయటి హార్డ్ డిస్క్. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఆ డిస్క్‌ను కొని, కంప్యూటర్‌కు తగిలించి, అలాగే వదిలేస్తున్నారు. తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌నూ, పెన్ డ్రైవ్‌నూ రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోని భాగంగానే చూస్తుంది, వాటిలోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. నకలు తీసిన వెంటనే తీగ పీకి బీరువాలో పెట్టాలి. పదిహేను రోజులకొకసారి తీసి మళ్లీ నకలు చేయాలి. మరీ ముఖ్యమైన వాటికి మరో ప్రతి ఇంటర్నెట్ నిల్వలో గానీ, వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర గానీ ఉంటే మంచిది. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌ను కట్టేయకుండా ఉంచితే ఇంటి అవసరాలకు చాలావరకు సరిపోతుంది. ముఖ్యమైన ఫోల్డర్లను అపరిచిత ప్రోగ్రాములు మార్చకుండా అడ్డుకునే సదుపాయం కూడా 2017 నుంచి అందులో ఉంది, కాకపోతే దానిని మనమే ఆన్ చేసుకోవాలి. ప్రభుత్వ రంగంలో సెర్ట్ ఇన్ సంస్థ ఆధ్వర్యంలోని సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి ఉచిత శుద్ధి సాధనాలను అందిస్తున్నది.

తీరా తాళం పడ్డాక ఏం చేయాలి? ముందు ఇంటర్నెట్ కట్టేయాలి, తగిలించి ఉన్న డిస్కులను పీకేయాలి. అదే వైఫై మీద ఉన్న ఇతర కంప్యూటర్లను ఆపాలి. సొమ్ము చెల్లిస్తే తాళంచెవి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, చెల్లించవద్దనే పోలీసులు చెబుతున్నారు. 1930 నంబరుకు ఫోను చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. స్టాప్ వంశపు దాడులలో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామును కూడా జతచేసి పంపిన సందర్భాలు ఉన్నాయి. కనుక బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులను వేరే పరికరం నుంచి వెంటనే మార్చుకోవాలి.

తాళం పడిన ఫైళ్లను మాత్రం తుడిచేయరాదు. దుకాణానికి తీసుకెళితే మొదట చెప్పే మాట ఫార్మాట్ చేద్దామనే. అంతకు ముందే ఆ ఫైళ్లను అలాగే ఒక డిస్క్‌లోకి ఎక్కించి దాచుకోవాలి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016 జూలైలో ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ కేంద్రంలో ఎన్నో రకాల రాన్సమ్‌వేర్‌కు ఉచిత తాళంచెవులు ఉన్నాయి. అన్నిటికీ లేవు. స్టాప్ వంశంలోనే చూస్తే, ముఠా తమ సర్వర్ నుంచి ఒక్కొక్కరికి ఒక్కో తాళం తెప్పించి వేసినప్పుడు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. సర్వర్ అందనప్పుడు ముందే అమర్చిన ఉమ్మడి తాళాన్ని వాడుతుంది కాబట్టి, అలాంటి ఫైళ్లు తెరుచుకునే అవకాశం ఉంది. 2019 అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ సంస్థ ఈ వంశంలోని 148 రకాలకు విరుగుడు సాధనాన్ని ఉచితంగా విడుదల చేసింది. నెలల తరబడి తాళం పడిన ఫోటోలను డిస్కులో దాచుకున్నవారిలో చాలామందికి వాటిని తిరిగి చూసుకునే అవకాశం దక్కింది. అప్పటికే ఫార్మాట్ చేయించుకున్నవారికి ఆ సాధనంతో తెరుచుకునేందుకు ఏమీ మిగల్లేదు.