విడిపోయినంక సరుకెట్ల దాటాలె?

మా యూనిట్ జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాల ఉంటది. మందుల కంపెనీలకు అట్టడబ్బలు, గోలీల కార్టన్లు కొట్టిస్తం. నేను అండ్ల లెక్కలు రాస్త. 2024 ఆఖర్ల ఒక కార్టన్ డిజైన్ మారి వచ్చింది. మందు పాతదే, రంగులు పాతయే. రెండు మాటలు మాత్రం పెరిగినయి: "యూకే ఓన్లీ".

మిషన్ మీదున్న పిల్లగాడు దాన్ని పట్టుకొని నా టేబుల్ కాడికొచ్చిండు. "కాకా, బ్రిటన్‌కు వేరే డబ్బ, యూరప్‌కు వేరే డబ్బనా? వాళ్లు గూడ మన లెక్కనే విడిపోయిండ్రు గదా. మనం విడిపోతే డబ్బ మారలే, వాళ్లకెందుకు మారింది?"

చాయ్ తాగుకుంట రెండు ముక్కల్ల చెప్పిన గని, అది రెండు ముక్కల్ల తెగేది కాదు.

ముందుగాల మన సంగతి. మనకేం మారలే అన్నది సగమే నిజం. 2014 జూన్ 1 దాకా విజయవాడ పార్టీకి డబ్బలు పంపితే అది లోకల్ అమ్మకం. మేం వ్యాట్ వేసేది, ఆయన అంత మొత్తం తన ట్యాక్స్‌ల తగ్గించుకునేది. తెల్లారి జూన్ 2. అదే సరుకు, అదే డీసీఎం, అదే సూర్యాపేట తొవ్వ. గని ఇప్పుడది రాష్ట్రం దాటే అమ్మకం. వ్యాట్ పోయి సెంట్రల్ సేల్స్ ట్యాక్స్ 2 శాతం వచ్చింది. రెండే గదా, తక్కువైంది అనుకుంటరు. కాదు. ఆ రెండు శాతాన్ని కొన్నాయన తన ట్యాక్స్‌ల తగ్గించుకునుడు కుదరదు, అది ఆయనకు ఖర్చే. "ఆ రెండు రేట్ల కొట్టెయ్యుండ్రి, లేకుంటే మాకు గుంటూర్ల దొరుకుతయ్" అన్నరు. కొట్టేసినం. డబ్బల ధందల మిగిలేదే అంతంత.

ఆ 2 శాతం గూడ ఊకెనే రాదు, కొన్నాయన సీ ఫారం ఇస్తెనే. ఇయ్యకుంటే మన రాష్ట్రంల ఉన్న రేటు మొత్తం అమ్మినోని మీద పడతది. మాకొక పార్టీ ఏడాదిన్నర ఇయ్యలే. ఫోన్ చేస్తే "పంపుతమండీ" అనుడే. ఆ తేడా మా ఓనర్ కట్టిండు, ఆ ఏడు మాకు బోనస్ సగమైంది. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్ర నంబర్ బండ్లకు తెలంగాణల ట్యాక్స్ మొదలైంది. రిటర్న్ లోడ్ మీద బతికే లారీలోళ్లు కిరాయి పెంచిండ్రు.

తర్వాత ఏమైంది? 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. సీ ఫారం మా సరుకుకు పోయింది. సేల్స్ ట్యాక్స్ చెక్‌పోస్టులు లేసిపోయినయి. ఇక్కడ కట్టిన ట్యాక్స్ అక్కడ తగ్గించుకునుడు మళ్ల మొదలైంది. జీఎస్టీతోని చిన్న యూనిట్లు పడ్డ తిప్పలు వేరే ఉన్నయి, అది ఇంకోపారి రాస్త. ఇక్కడ చెప్పేదేందంటే, మనం ఇంట్ల గోడ పెట్టుకున్నం గని ఇంటి పైకప్పు ఒక్కటే ఉన్నది. దేశమంతట వ్యాపారం స్వేచ్ఛగ నడవాలని రాజ్యాంగం 301వ ఆర్టికల్‌ల ఉంది. మందుకు లైసెన్స్ చట్టం ఒక్కటే. జీడిమెట్ల గోలీ గుంటూర్ల అమ్మాలంటే మళ్ల పరీక్ష అక్కర్లేదు.

ఇంకో మాట జనం పట్టించుకోరు. జీఎస్టీ కౌన్సిల్‌ల ఓట్ల విలువల మూడింట ఒక వంతు కేంద్రానిది, రెండు వంతులు రాష్ట్రాలన్నింటివి, రాష్ట్రాల ఓట్లన్నీ సమానం. కలిసుంటే ఇద్దరికీ కలిపి ఒక్క కుర్చీ ఉండేది. విడిపోతే తెలంగాణకు ఒకటి, ఆంధ్రకు ఒకటి అయినయి.

బ్రిటన్‌ది ఉల్టా. అది గోడ పెట్టలే, కప్పు కిందికెళ్లే బయటికొచ్చింది, కుర్చీ ఇడిసిపెట్టి వచ్చింది. 1973ల చేరింది. 2016 జూన్ 23న ఓట్లేస్తే 51.9 శాతం పోదామన్నరు. 2020 జనవరి 31న బయటపడ్డది. ఓటు కాయితం మీద పోదామా ఉందామా అని అడిగిండ్రు గని, పోయినంక సరుకెట్ల దాటాలె అని అడగలే. లొల్లంతా అక్కడ్నే.

తొవ్వలు నాలుగున్నయి. నార్వే లెక్క ఉండొచ్చు: మార్కెట్ల ఉంటవు, వాళ్ల రూల్స్ పాటిస్తవు, గని రూల్స్ చేసే కాడ నీకు ఓటు లేదు. టర్కీ లెక్క ఉండొచ్చు: ఫ్యాక్టరీ సరుకుకు మధ్యల సుంకం ఉండదు, గని బయటి దేశాల సరుకు మీద యూరప్ పెట్టిన సుంకమే నువ్వు గూడ పెట్టాలె. కెనడా లెక్క ఒప్పందం రాసుకోవచ్చు. లేకుంటే ఏ ఒప్పందం లేకుండ డబ్ల్యూటీవో రేట్ల మీద నడవొచ్చు.

పార్లమెంట్‌కు ఏదీ నచ్చలే. థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019ల మూడుసార్లు ఓడగొట్టిండ్రు. మీకేం గావాల్నో మీరే చెప్పుండ్రి అని మార్చి 27న ఎనిమిది తొవ్వలు పెట్టి ఓటేయిస్తే ఎనిమిదీ ఓడినయి. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన 273–276, అంటే మూడు ఓట్లతోని పోయింది. కుల సంఘం మీటింగులు గూడ ఇంతకన్నా తొందరగ తేలుతయ్.

ఆఖరుకు బోరిస్ జాన్సన్ కెనడా తీరు పట్టిండు. 2020 డిసెంబర్ 24న యూరప్‌తోని ఒప్పందం కుదిరింది. సుంకం సున్నా, కోటా లేదు. మరి ఇంకేం బాధ? సున్నా ఎవనికంటే, సరుకు బ్రిటన్‌ల తయారైందని రుజువు చేసినోనికి. ఇండియా బట్టను లండన్ గోదాంల దించి, అట్లనే ఫ్రాన్స్‌కు పంపితే సున్నా రాదు, సుంకం కట్టాలె. సుంకం లేని సరుకుకు గూడ కస్టమ్స్ డిక్లరేషన్ నింపాలె. 2021 జనవరిల నెదర్లాండ్స్ అధికారులు బ్రిటన్ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ల కాడ హ్యామ్ శాండ్‌విచ్‌లు గుంజుకున్నరు, మాంసం తేవద్దని. తొవ్వల తినెటందుకు కట్టుకున్న సద్ది అది.

మందుల కత ఇంకా గట్టిది. ఫ్యాక్టరీ తనిఖీని ఒకరిది ఒకరు ఒప్పుకునేటట్టు రాసుకున్నరు గని, బ్యాచ్ పరీక్షకు అట్ల రాసుకోలే. బ్రిటన్‌ల పరీక్షించి పాస్ చేసిన బ్యాచ్‌ను యూరప్ ఒప్పుకోదు, మళ్ల అక్కడ పరీక్షించాలె. బ్రిటన్ మాత్రం యూరప్ పరీక్షను తనంతట తానే ఒప్పుకుంటున్నది, లేకుంటే మందులు దొరకయని భయం.

ఇగ డబ్బ సంగతి. ఐర్లాండ్ దీవిల రెండు ముక్కలున్నయి. దక్షిణాన ఉన్నది యూరప్‌ల ఉన్న వేరే దేశం, ఉత్తరాన ఉన్నది బ్రిటన్‌ది. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ రెండిటి మధ్యల చెక్‌పోస్టు పెడ్తే పాత నెత్తురు మళ్ల పారుతదని అందరికీ భయం. అందుకని చెకింగ్‌ను సముద్రం మీదికి నెట్టిండ్రు. దాంతోని బ్రిటన్ మందు బ్రిటన్‌దే అయిన బెల్‌ఫాస్ట్‌కు పోవుడు కష్టమైంది. 2023ల విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అని ఇంకో ఒప్పందం చేసుకొని, లండన్‌ల ఇచ్చిన లైసెన్స్ బెల్‌ఫాస్ట్‌ల గూడ చెల్లాలన్నరు. అయితే ఆ మందు జరిగి జరిగి డబ్లిన్‌కు పోవద్దు. గందుకే 2025 జనవరి 1 నుంచి డబ్బ మీద "యూకే ఓన్లీ". పిల్లగాడు అడిగిన రెండు మాటల ఎనక గింత కత ఉన్నది.

బయటికొస్తే అందరితోని మన ఒప్పందాలు మనమే చేసుకోవచ్చన్నది వాళ్ల ఆశ. 2025 జులై 24న ఇండియాతోని సంతకం పెట్టిండ్రు. మన సరుకుల 99 శాతం రకాలకు సుంకం ఉండదంటున్నరు. బట్టలు, చెప్పులు, రొయ్యలు అమ్మెటోళ్లకు అది నిజంగ పనికొస్తది. ఆంధ్ర రొయ్యల రైతుకు మంచిదే. మా కుత్బుల్లాపూర్ చుట్టుపక్కల గోలీల కంపెనీలకు మాత్రం పెద్ద ఫరక్ రాదని నా లెక్క. ఎందుకంటే తయారైన మందుల మీద అక్కడ ముందుగాల్నే సుంకం లేదు. గోలీకి అడ్డం నిలబడేది సుంకం కాదు, లైసెన్సు, తనిఖీ, పరీక్ష.

మాకు ఇప్పుడు ఒకటే మందుకు రెండు ప్లేట్లు, రెండు ప్రూఫులు. తప్పుడు కార్టన్ కలిస్తే లాట్ మొత్తం వాపస్ వస్తది. ఆ ఖర్చు బిల్లుల వేసుకుంటమంటే కంపెనీలు ఒప్పుకుంటలేవు. 2014ల విజయవాడ పార్టీ రెండు శాతం కొట్టెయ్యమన్నప్పటి మాటలే మళ్ల ఇనబడుతున్నయి. మా బీరువల ఆ సీ ఫారాల ఫైలు ఇంకా ఉంది. అండ్ల మూడు ఫారాలు ఇప్పటికీ రాలే.